గాలి, తీరము, తెరచాప: ఉద్దానపు సముద్రముపై ఒక పరిశీలన

వేసవి సెలవులు రాగానే పలాస, టెక్కలి ప్రాంతపు విద్యార్థుల చూపు సముద్రము వైపు మళ్ళుతుంది. జీడితోటలు, కొబ్బరితోటలు దాటితే ఇసుక. ఇసుక దాటితే బంగాళాఖాతము. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరరేఖ ఉన్నది. ఇంతటి తీరము గుమ్మము ముందున్నా, మనలో అనేకులు సముద్రమును చూచి వచ్చినవారే గాని దానిని చదివినవారు కారు. ప్రతి వేసవిలోను పత్రికలలో కనబడే జలప్రమాద వార్తలకు ఈ చదువులేమియే ఒక ముఖ్య కారణమని మా అభిప్రాయము.

ఈ వ్యాసములో మేము ఒక చిన్న ప్రశ్నను తీసికొని పెద్ద పాఠమును చెప్ప దలచినాము. ప్రశ్న ఇది: తెరచాప కట్టిన పలకపై నిలిచి నీటి మీద సాగే విండ్‌సర్ఫింగ్ అనే క్రీడకు మన ఉద్దానపు తీరములో ఏ చోటు తగినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకేవాడు గాలిని, ఋతువును, ఆటుపోట్లను, నదీముఖములను, తీరపు దిక్కును తెలిసికొనక తప్పదు. పలకను ఎన్నడూ ఎక్కనివాడు కూడ ఈ జ్ఞానముతో తన ప్రాణమును, తోటివాని ప్రాణమును కాపాడుకొనగలడు.

తెరచాప పలక అనగా నేమి?

తేలికైన పొడవాటి పలక, దాని నడుమ ఎటు కావలెనన్న అటు వంగగల కీలు, ఆ కీలుపై నిలిచిన స్తంభము, స్తంభమునకు తొడిగిన తెరచాప: ఇంతే ఈ సాధనము. దీనికి చుక్కాని లేదు. సవారి చేసేవాడు తెరచాపను ముందునకు వంచితే పలక ముక్కు గాలికి దూరముగా తిరుగుతుంది. వెనుకకు వంచితే గాలి వైపు తిరుగుతుంది. అతని దేహమే చుక్కాని, అతని చేతులే త్రాళ్ళు.

1964లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ ఇటువంటి పలకను తయారుచేసినాడు. 1968లో కాలిఫోర్నియాకు చెందిన హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనువారు తమ నమూనాకు పేటెంటు కోరినారు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పురుషులకు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఇది పోటీ క్రీడ అయినది. మన దేశమునకు చెందిన ఇబాద్ అలీ 2023లో హాంగ్జౌ నగరములో జరిగిన ఆసియా క్రీడలలో ఈ అంశమున కాంస్య పతకము గెలిచినాడు. కావున ఇది పరదేశపు ధనికుల వినోదము మాత్రమే అని త్రోసివేయుటకు వీలులేదు.

సాధనము క్రొత్తదే గాని సూత్రము ప్రాచీనము. పారసీక భాషలో తెరచాపను బాద్‌బాన్ అంటారు. ఉర్దూలోనికి కూడ ఆ మాటే వచ్చినది. బాద్ అనగా గాలి, బాన్ అనగా కాపరి. తెరచాప గాలికి కాపరి అన్నమాట. ఋతుపవనమునకు ఆంగ్లములోగల మాన్‌సూన్ అనే మాటకు మూలము మౌసిమ్ అనే అరబ్బీ పదము. దాని అర్థము నియతకాలము. పదునైదవ శతాబ్దపు అరబ్బు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఏ రేవునుండి ఏ కాలములో బయలుదేరవలెనో తన గ్రంథములలో వివరించినాడు. కళింగ నావికులు కార్తీకములో మొదలయ్యే ఈశాన్యపు గాలిని నమ్ముకొని తూర్పు ద్వీపములకు ఓడలు నడిపినారు. కటకములో కార్తీక పౌర్ణమికి జరిగే బాలియాత్ర నేటికీ ఆ జ్ఞాపకమును నిలుపుతున్నది. ఎక్కడికి పోవలెననే ప్రశ్న కంటె ఎప్పుడు పోవలెననే ప్రశ్న ముందు వేసికొనుట వీరందరి విధానము.

ఆస్ట్రేలియా నేర్పే పాఠము

ఈ క్రీడాభిమానులు వేసవి యాత్రకు ఎక్కువగా కోరుకొనే దేశములలో ఆస్ట్రేలియా ఒకటి. అక్కడి వేసవి డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. ఆ ఖండమును చుట్టి వచ్చేవారు పశ్చిమ తీరమున పెర్త్ నగరము వద్ద, దానికి ఉత్తరముగా ఉన్న లాన్సెలిన్ వద్ద తప్పక ఆగుతారు. కారణము అక్కడి ఇసుక అందము కాదు. లోపలి ఎడారి పగటి ఎండకు కాగిపోతుంది. ప్రక్కనున్న మహాసముద్రము చల్లగా ఉంటుంది. ఈ భేదము వలన మధ్యాహ్నమునకు నైరృతి దిక్కుననుండి బలమైన సముద్రపు గాలి వస్తుంది. నగరమునకు చల్లదనము తెచ్చి ఊరట కలిగించుటచే దానిని ప్రజలు ఫ్రీమాంటిల్ డాక్టరు అని పిలుచుకొంటారు. అది 15 నుండి 20 నాట్ల వేగముతో వీయుట సామాన్యము. ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు.

అదే దేశములో ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరము మిక్కిలి రమణీయమైనది. కాని నవంబరు నుండి మే వరకు అక్కడి జలములలో ప్రాణాంతకమైన విషపు జెల్లీ చేపలు సంచరిస్తాయి. తుఫానుల కాలము కూడ అదే. అందుచేత తెలిసినవాడు వేసవిలో పెర్త్ వైపు పోతాడు గాని అటు పోడు. దేశము ఒకటే, ఋతువు ఒకటే. అయినను ఒక తీరము పనికివచ్చినది, మరొకటి పనికిరాలేదు. చిత్రపటమును చూచి చోటును ఎన్నుకొనరాదు. గాలిని చూచి ఎన్నుకొనవలెను. ఈ న్యాయమునే మన తీరమునకు అన్వయించి చూతము.

మన తీరము ఏ దిక్కునకు తిరిగి ఉన్నది?

ఆంధ్రదేశపు తీరమనగానే తూర్పు తీరమని చెప్పి ఊరుకొంటాము. పటమును తీసి కళింగపట్నమునకు, బారువకు నడుమ ఒక గీత గీసి చూడండి. ఆ గీత ఉత్తర దక్షిణములుగా లేదు. నైరృతి నుండి ఈశాన్యమునకు సాగినది. అనగా మన సముద్రము మనకు ఆగ్నేయముగా ఉన్నది.

ఈ ఒక్క సంగతి జ్ఞాపకము ఉంచుకొని తీరమున సముద్రమునకు ఎదురుగా నిలువండి. ముఖము ఆగ్నేయమునకు, వీపు వాయవ్యమునకు, కుడిచేయి నైరృతికి, ఎడమచేయి ఈశాన్యమునకు ఉంటాయి. ఇక గాలి మీ దేహమును ఎక్కడ తాకుతున్నదో గమనించండి.

గాలి కుడిచెంపను తాకితే అది నైరృతి గాలి. తీరము వెంబడి ప్రక్కగా సాగుతుంది. తెరచాప పలక ఎదురుగాలికి సూటిగా పోజాలదు. ప్రక్కగాలికి మాత్రము లోపలికి పోయి, మరలి, అదే దారిన ఒడ్డునకు రాగలదు. కావున కుడిచెంప గాలి ఈ క్రీడకు ఉత్తమము. అది కొంచెము దక్షిణమునకు తిరిగి కుడికంటి మీదికి వస్తే మరింత క్షేమము, ఏలయనగా అలసిపోయినవానిని అది మెల్లగా ఒడ్డువైపే నెట్టుతుంది.

గాలి ముఖమున సూటిగా కొడితే అది ఆగ్నేయపు గాలి. అప్పుడు అలలను దాటి బయలుదేరుటయే కష్టము. శ్రమ ఎక్కువ, భయము తక్కువ.

గాలి వీపును నెట్టితే అది వాయవ్యపు గాలి, నేల నుండి నీటి మీదికి పోయే గాలి. అప్పుడు సముద్రములో దిగరాదు. ఈ గాలి మోసకారి. ఒడ్డున సరుగుడు తోటలు, కొబ్బరి తోటలు దానికి అడ్డుపడుట వలన దరిని నీరు అద్దము వలె నున్నగా ఉంటుంది. నేర్చుకొనేవాడు ఇంతకంటె మంచి దినము లేదనుకొంటాడు. తోటల చాటు దాటిన తరువాత గాలి బలము తెలుస్తుంది. అప్పటికి ఒడ్డు దూరమైనది. ఒక్క నాట్ వేగముతో కొట్టుకొనిపోయినా రెండు గంటలలో సుమారు నాలుగు కిలోమీటర్లు పోతాడు. ఒడ్డున నిలిచినవాని కంటికి సముద్రపు అంచు నాలుగున్నర కిలోమీటర్లకు మించి ఉండదు. ఆ దూరమున పలకపై పడుకొన్న మనిషి ఎవరికి కనబడగలడు?

ఏ నెల?

ఫిబ్రవరి తరువాత మన తీరమున నైరృతి గాలి క్రమముగా బలపడుతుంది. మార్చి, ఏప్రిల్, మే నెలలలో పగటిపూట సముద్రపు గాలి దానికి తోడవుతుంది. ఈ రెండింటి కలయిక వలన గాలి కుడిచెంపకు, కుడికంటికి నడుమ నిలుస్తుంది. మన వేసవి సెలవులును, ఈ క్రీడకు అనువైన గాలియు ఒకే కాలమున వచ్చుట మన అదృష్టము.

అయితే ఆ అదృష్టమునకు మూడు షరతులు ఉన్నవి.

మొదటిది ఈదురుగాలి. ఏప్రిల్, మే నెలల సాయంకాలములలో వాయవ్య దిశనుండి మేఘములు పైకి లేచి, ఉరుములతో, మెరుపులతో ఆకస్మికముగా విరుచుకుపడుతాయి. అనగా అప్పటివరకు కుడిచెంపను తాకిన గాలి నిమిషములలో వీపును నెట్టే గాలిగా మారుతుంది. బారువ, మందస తీరమునకు వెనుకభాగమున 1501 మీటర్ల ఎత్తుగల మహేంద్రగిరి ఉన్నది. మేము విద్యార్థులకు చెప్పే నియమము ఇది: సముద్రములో ఉన్నవాడు మధ్యమధ్య వెనుదిరిగి మహేంద్రగిరిని చూడవలెను. కొండపై నల్లని మబ్బు కమ్మితే ఉరుము వినబడువరకు ఆగక ఒడ్డెక్కవలెను. నీటిపై నిలువుగా లేచిన స్తంభము పిడుగును పిలిచే సాధనము.

రెండవది తుఫాను. తుఫానులు అక్టోబరులోనే వస్తాయనుకొనుట పొరపాటు. 2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చుట మనము చూచినదే. కాని 2019 మే 3న ఫొని తుఫాను పూరీ వద్ద తీరము దాటినది. 2022 మే నెలలో అసని వచ్చినది. మే నెల యాత్రకు వాతావరణ శాఖ సూచన చూడకుండ బయలుదేరుట అవివేకము.

మూడవది వేడి. ఉద్దానము మూత్రపిండముల వ్యాధితో చిరకాలముగా బాధపడుతున్న ప్రాంతము. ఆ వ్యాధికి గల కారణములపై పరిశోధకుల పరిశీలనలో దేహములో నీరు తగ్గుట కూడ ఒక అంశము. ఉప్పునీటిలో ఆడేవానికి చెమట పట్టినట్లే తెలియదు. తగినంత త్రాగునీరు లేని తీరయాత్ర ఎంత సమీపమునకైనను తగదు.

జూన్ తరువాత నైరృతి ఋతుపవనము బలముగా వీస్తుంది, తరచు పడమటికి తిరుగుతుంది, అలలు పెద్దవి అవుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలము. ఈ మాసములు నేర్చుకొనేవానివి కావు.

ఏ గంట?

పాఠశాలలో భూపవనము, జలపవనము అని చదువుకొని పరీక్ష వ్రాసి మరచిపోతాము. పగలు నేల త్వరగా వేడెక్కును. నేల మీది గాలి తేలికై పైకి పోవును. దాని స్థానమున సముద్రము మీది చల్లని గాలి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లబడుట వలన గాలి నేల నుండి సముద్రమునకు పోవును. ఈ పాఠమును పుస్తకము లేకుండ జీవితాంతము చదువుకొన్నవారు మన మత్స్యకారులు.

యంత్రములు రాని కాలమున జాలరి తెల్లవారుజామున భూపవనముతో తెప్పను లోపలికి నడిపేవాడు. మధ్యాహ్నపు జలపవనముతో తెరచాప ఎత్తి మరలి వచ్చేవాడు. ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చు. వీపును నెట్టే గాలి ప్రమాదకరమైతే జాలరి దానినే ఎట్లు నమ్ముకొన్నాడు? అతడు పోయే గాలిని ఒక్కదానినే గాక తెచ్చే గాలిని కూడ ముందే లెక్క వేసికొన్నాడు. అతనికి తెడ్డు ఉన్నది, తోడుగా మనుషులు ఉన్నారు, ప్రక్కన మరి పది తెప్పలు ఉన్నవి. ఒంటరిగా పలక ఎక్కిన విద్యార్థికి ఇవి ఏవియు లేవు. కావున జాలరి జ్ఞానమును నేర్చుకొనవలెను గాని అతని సాహసమును అనుకరింపరాదు.

వేసవిలో జలపవనము సామాన్యముగా ఉదయము పదకొండు గంటల ప్రాంతమున కుదురుకొని, మధ్యాహ్నము బలపడి, సాయంకాలమునకు తగ్గుతుంది. మన లెక్కలో చెప్పవలెనన్న జుహర్, అసర్ నమాజుల నడుమ గాలి బలము హెచ్చు. క్రొత్తవారు పదకొండు నుండి ఒంటిగంట వరకు నేర్చుకొని, గాలి ముదిరేలోగా ఒడ్డున ఉండుట మంచిది.

ఎంత గాలి?

1805లో ఆంగ్ల నావికాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ గాలి బలమును అంకెలతో కొలిచే పద్ధతిని ఏర్పరచినాడు. సాధనము లేకున్నను కంటితో చూచి చెప్పగలుగుట అందులోని సౌకర్యము. మూడవ అంకె అనగా 7 నుండి 10 నాట్లు: ఆకులు ఎడతెగక కదులుతాయి, నీటిపై అక్కడక్కడ తెల్లని నురగ కనబడుతుంది. నాలుగవ అంకె 11 నుండి 16 నాట్లు: దుమ్ము, కాగితములు లేస్తాయి, నురగలు తరచు కనబడుతాయి. అయిదవది 17 నుండి 21 నాట్లు: చిన్న చెట్లు ఊగుతాయి. ఆరవది 22 నుండి 27 నాట్లు: పెద్ద కొమ్మలు కదులుతాయి. నేర్చుకొనేవానికి మూడవ అంకె చాలును. నీరంతయు తెల్లనురగలతో నిండినదంటే అది అతని దినము కాదు.

ఇక్కడ గణితశాస్త్ర విద్యార్థులు ఒక విషయము గమనింపవలెను. గాలి ఒత్తిడి వేగముతో కాక వేగపు వర్గముతో పెరుగుతుంది. ఆరు చదరపు మీటర్ల తెరచాపపై 10 నాట్ల గాలి స్థూలముగా 10 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తే, 20 నాట్ల గాలి 40 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. గాలి రెట్టింపైనది, చేతులపై భారము నాలుగింతలైనది. నిన్న సులభముగా ఆడినవాడు నేడు పడిపోవుటకు కారణము ఇదే.

తీరము వెంబడి ఒక పరిశీలన

ఇక దక్షిణము నుండి ఉత్తరమునకు చోట్లను పరిశీలింతము.

కళింగపట్నము ఉద్దానమునకు వెలుపలిదైనను మనకు ముఖ్యము. వంశధార సముద్రములో కలిసే ప్రాచీన రేవు ఇది. ఇక్కడ దీపస్తంభము, వాతావరణ పరిశీలన కేంద్రము ఉన్నవి. తుఫాను వార్తలలో ప్రమాద సూచిక అంకెతోపాటు ఈ ఊరి పేరు తరచు వింటుంటాము. రోడ్డు తీరమువరకు పోతుంది. అయితే స్నానములకు వచ్చే జనము అధికము. వేగముగా వచ్చే పలక స్నానము చేసేవానికి తగిలితే అపాయము. నదీముఖమున ఇసుక దిబ్బలు స్థలము మారుతుంటాయి, నీటి లాగు కూడ ఉంటుంది. చూచి నేర్చుకొనుటకు మంచి చోటు, దిగుటకు ముఖద్వారమునుండి దూరముగా పోవలెను.

టెక్కలికి దగ్గరనున్న భావనపాడు స్వభావము వేరు. ఇక్కడ సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొని వచ్చి నౌపడ చిత్తడి నేలలతో కలుస్తుంది. నౌపడ ఉప్పు మడులను రైలులో పోయేవారందరు చూచియుందురు. ఉప్పు పండుటకు ఎండ ఎంత అవసరమో గాలి అంత అవసరము. చెట్టు చాటులేని ఆ మైదానముపై గాలి అడ్డులేకుండ పోతుంది. పాయలో అలల తాకిడి లేదు. కాబట్టి ప్రథమ పాఠమునకు ఇది అనువైనది. దీనికి ఆటుపోట్ల జ్ఞానము కావలెను. మన తీరమున అమావాస్య, పౌర్ణమి దినములలో పోటుకు ఆటుకు నడుమ భేదము సుమారు ఒకటిన్నర మీటరు. నెలవంక కొరకు ఆకాశమును చూచే అలవాటు గల మన విద్యార్థులు ఈ సంగతి సులభముగా జ్ఞాపకము ఉంచుకొనగలరు: నెలవంక కనబడే దినములే పోటు పెద్దదైన దినములు. పోటు ఎక్కుతున్నప్పుడు నీరు లోపలికి వస్తుంది, అది క్షేమము. ఆటు మొదలైనప్పుడు పాయ నీరంతా సముద్రములోనికి లాగుతుంది. అప్పటికి బయట ఉండవలెను. సమీపమున తేలినీలాపురములో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు శీతకాలమునకు వచ్చి గూళ్ళు కట్టుతాయి. వేసవిలో అవి మరలిపోయిన పిమ్మట పోవుటయే మర్యాద. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు ఈ ప్రాంతముననే ఉన్నది; రేవు పనులకు, చేపల పడవల దారికి అడ్డుపడని చోటును స్థానికులను అడిగి తెలిసికొనవలెను.

వజ్రపుకొత్తూరు మండలములోని అక్కుపల్లి తీరము పలాసవారికి దగ్గర. దీనిని శివసాగర్ తీరమని కూడ అంటారు. ఇది నిడుపైన, తెరపి గల తీరము. గాలి నిర్మలముగా వస్తుంది. కాని చాటులేని చోట అలలు కూడ తెరపిగానే వస్తాయి. తూర్పు తీరపు అలల వరుసలు ఎంత బలమైనవనగా, పూర్వము ఓడల సరుకును ఒడ్డునకు చేర్చుటకు మేకులు లేకుండ త్రాటితో కుట్టిన మసూలా పడవలే పనికివచ్చేవి. గట్టి పడవలు విరిగిపోయేవి. వంగి నిలిచేది బ్రతికినది, బిగిసినది విరిగినది. అక్కుపల్లి అనుభవజ్ఞులకే తగినది.

బారువ మహేంద్రతనయ సముద్రములో కలిసే చోటు. ఆంగ్లేయుల కాలపు రేవు, దీపస్తంభము ఉన్న ఊరు. విశాలమైన ఇసుక తీరము ఉన్నది. నైరృతి గాలికి తీరము వెంబడి అడ్డులేదు. ఇక్కడ దిగేవారు నదీముఖమునకు ఈశాన్య భాగమున దిగవలెను. వేసవిలో గాలి, తీరపు ప్రవాహము రెండును ఈశాన్యమునకే పోతాయి కాబట్టి కొట్టుకొనిపోయినవాడు నదీముఖమునకు దూరమగును గాని దాని లాగులో చిక్కడు. జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ జిల్లా తీరమున గ్రుడ్లు పెట్టుతాయి. ఇసుకపై వాహనములు నడుపుట, రాత్రి దీపములు వెలిగించుట తగదు.

ఇచ్ఛాపురము దాటి రైలులో కొంత దూరము పోతే ఒడిశాలోని రంభ స్టేషను వస్తుంది. అక్కడ చిలికా సరస్సు మొదలవుతుంది. విశాలమైనది, లోతు తక్కువైనది, సముద్రపు అలలు లేనిది. పడినవాడు అనేక చోట్ల నిలువగలడు. నిజమునకు నేర్చుకొనేవానికి సముద్రము కంటె సరస్సు మేలు. మన రాష్ట్రమునకు పొరుగున హైదరాబాదులో హుస్సేన్ సాగర్‌పై యువకులు తెరచాప పడవలు నేర్చుకొనుట ఇందుకు నిదర్శనము.

సముద్రము దేనిని ఎక్కడికి చేర్చును?

2022 మే నెలలో అసని తుఫాను సమయమున సంతబొమ్మాళి మండలములోని సున్నాపల్లి తీరమునకు బంగారు వన్నెగల రథము వంటి కట్టడము ఒకటి కొట్టుకొని వచ్చినది. తూర్పు దేశములనుండి వచ్చియుండునని అందరు భావించినారు. దానిని చూచుటకు జనము తండోపతండములుగా పోయినారు. ఆశ్చర్యపడుట సహజమే. కాని విద్యార్థి అంతటితో ఆగరాదు. అంత పెద్ద కట్టడమును గాలి, ప్రవాహము కలిసి మన ఒడ్డునకు మోసికొని రాగలిగితే, ఒక పలకను, దానిపై ఉన్న ఒక యువకుని అవి మన ఒడ్డునుండి ఎక్కడికైనను మోసికొని పోగలవు. ఆ రథము మనకు ఇచ్చిన పాఠము ఇది. అందుకే పలక విరిగినను, తెరచాప చిరిగినను పలకను విడువరాదు. ఈదుకొని వత్తుమని బయలుదేరరాదు. తేలే పలక కనబడుతుంది, ఈదే తల కనబడదు.

మా నిర్ణయము

పై పరిశీలన నుండి మేము చేరిన నిర్ణయము ఇది. మొదట ఈత. తరువాత నిలిచిన నీరు: పోటు ఎక్కుతున్న వేళ భావనపాడు పాయ, లేదా రంభ వద్ద చిలికా. ఆ పిమ్మట, చేయి తిరిగినవారికి ఏప్రిల్, మే నెలలలో కుడిచెంప గాలి మూడు, నాలుగు అంకెలలో ఉన్నప్పుడు బారువ. అక్కుపల్లిని చాలకాలము దూరమునుండియే చూడవలెను.

కళాశాల పాలక సంఘమువారికి మా విన్నపములు మూడు. విహారయాత్రకు అనుమతి ఇచ్చేముందు ఈత వచ్చినవారి పట్టిక, ప్రతి ఒక్కరికి తేలే కోటు ఉన్నదా అనే సంగతి చూడవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపల వేటకు నిషేధము ఉండుటచే మరపడవలు ఒడ్డుననే ఉంటాయి. సముద్రములో మనలను చూచి ఆదుకొనే పడవలు ఆ కాలమున అరుదు. అందుచేత స్థానిక మత్స్యకారుని ఒకరిని కూలి ఇచ్చి, గురువుగా గౌరవించి, మెరైన్ పోలీసువారికి ముందుగా తెలిపి, అతని పడవను సిద్ధముగా ఉంచుకొని పోవలెను. నిషేధ కాలములో ఆదాయము తగ్గిన కుటుంబమునకు అది ఆసరా అగును. మన పిల్లలకు అది ప్రాణరక్ష.

మూడవ విన్నపము మన బాలికలను గురించి. నీటి క్రీడలనగానే దుస్తులను తలచి సందేహించే తల్లిదండ్రులు ఉన్నారు. ఎండనుండి, ఉప్పునుండి, రాపిడినుండి కాపాడుటకు ఒంటిని పూర్తిగా కప్పే దుస్తులే ఈ క్రీడకు అనుకూలము. మర్యాదకు, క్రీడకు ఇక్కడ విరోధము లేదు. బాలికలకు వేరుగా వేళను ఏర్పరచి ఈత నేర్పించే భారమును సంఘమువారు వహించవలెను. ఈత రాని తల్లి చేతిలో నీటి ప్రక్కన బిడ్డ సురక్షితముగా ఉండదు.

చివరగా, తీరమునకు పోయే ప్రతి విద్యార్థి నీటిలో పాదము పెట్టకమునుపు తనను తాను అడుగవలసిన ప్రశ్నలు ఇవి. వాతావరణ శాఖవారి సూచనను, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్‌వారి అలల సూచనను చూచినానా? గాలి నా దేహమును ఎక్కడ తాకుతున్నది? నీటిపై నురగలు ఎన్ని? పోటు ఎక్కుతున్నదా, దిగుతున్నదా? నదీముఖము నాకు ఏ వైపున ఉన్నది? మహేంద్రగిరి మీద మబ్బు ఉన్నదా? నేను ఎప్పుడు మరలి వత్తునో ఒడ్డున ఎవరికి తెలియును?

ఈ ఏడింటిలో ఒక్కదానికి సమాధానము తెలియకున్నను ఆనాడు ఇసుకపై కూర్చుండి గాలిని చదువుకొనవలెను. గాలి మరునాడు కూడ వస్తుంది.